వర్జీనియా వుల్ఫ్ రాసుకున్న లిస్ట్

వర్జీనియా వుల్ఫ్ అని వెతికితే ముందు వచ్చేది ఒకటే ఫోటో. ఇరవై ఏళ్ళ అమ్మాయి, పక్కకి తిరిగి ఎటో చూస్తూ ఉంటుంది. పెద్ద రచయిత్రి, నవలలు ఓ పట్టాన అర్థం కావు, అంతవరకే నాకూ తెలుసు. మరి ఈ సంచికలో ఆమె గురించే ఎందుకంటే, ఆ మధ్య మా క్లాసులో గోల్స్ షీట్ ఇచ్చి, ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారో రాయమన్నారు. చిన్నప్పుడు తన మీద జరిగినదాన్ని ఇంకా మోస్తున్న మనిషికి ఐదేళ్ళంటే చాలా దూరం. ఈ రాత్రి నిద్రపడితే చాలు అనుకునేవాళ్ళు ఆ షీట్‌లో ఏం రాస్తారు? అప్పట్నుంచీ ఈమె జీవితం చదువుతున్నాను.

1882 జనవరి 25న లండన్‌లో పుట్టింది. తండ్రి లెస్లీ స్టీఫెన్ పేరున్న పండితుడు. తల్లి జూలియాకి ఇది రెండో పెళ్ళి, మొదటి పెళ్ళి వల్ల జార్జ్, స్టెల్లా, జెరాల్డ్ అని ముగ్గురు పిల్లలు. వేసవికి అందరూ కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు ఊరికి వెళ్ళేవాళ్ళు. అక్కడి ఇంట్లో, ఆమెకి ఆరేళ్ళప్పుడు, పన్నెండేళ్ళు పెద్దవాడైన జెరాల్డ్ ఆమెని ఒక గట్టు మీదికి ఎక్కించి తాకకూడని చోట తాకాడు. అదే ఇంటి హాల్లో ఒక అద్దం ఉండేది. అందులో తనని తాను చూసుకోవాలంటే ఆమెకి సిగ్గు. ఆ సిగ్గు జీవితాంతం పోలేదు.

పదమూడేళ్ళకి తల్లి పోయింది. రెండేళ్ళకి స్టెల్లా. ఆ తర్వాత ఇంటికి పెద్దన్నగా పెత్తనం చేసిన జార్జ్ రాత్రిళ్ళు ఆమె గదిలోకి వచ్చేవాడు. బయటవాళ్ళకి మాత్రం అతను చెల్లెళ్ళని కంటికి రెప్పలా చూసుకునే అన్నయ్య. ఇలాంటి మనిషిని మన చుట్టాల్లో ఎక్కడా చూడలేదని ఎంతమంది ధైర్యంగా చెప్పగలరో నాకు తెలీదు.

1904లో తండ్రి పోయాక ఆమె తీవ్రంగా జబ్బుపడింది. ఆమె జబ్బులన్నిటికీ ఆ అన్నలే కారణమని తేల్చేసేవాళ్ళున్నారు. నేనంత సులువుగా చెప్పలేను, ఆ కుటుంబంలో మానసిక వ్యాధి ముందునుంచీ ఉంది. డాక్టర్లు చెప్పే వైద్యం ఎప్పుడూ ఒకటే: పడుకోవాలి, పాలు తాగాలి, చదవకూడదు, రాయకూడదు. కానీ ఆమె తనకోసం పెట్టుకున్న పనులన్నీ సరిగ్గా ఆ కూడదన్న వాటిలోనే ఉన్నాయి. పదిహేనో ఏడు ఇంకా నిండకముందే, 1897లో, డైరీ మొదలుపెట్టింది. గ్రీకు నేర్చుకుంది. అక్క వెనెస్సా నిలబడి బొమ్మలు వేస్తుంటే, తనూ పొడుగాటి డెస్క్ చేయించుకుని నిలబడే రాసింది. 1904 డిసెంబర్‌లో, జబ్బు నుంచి తేరుకున్న కొద్ది నెలలకే, మొదటి పుస్తక సమీక్ష అచ్చయింది.

నన్ను ఆపేసిన సంగతి ఇక్కడుంది. 1915లో వచ్చిన ఆమె మొదటి నవలకి పబ్లిషర్ ఎవరనుకున్నారు? జెరాల్డ్ డక్‌వర్త్. ఆ జెరాల్డే. ఏళ్ళ తరబడి రాసి, తిరగరాసిన పుస్తకాన్ని అతని చేతికే ఇవ్వాల్సి వచ్చింది. రెండో నవలా అంతే.

1917 మార్చిలో ఆమె, భర్త లియొనార్డ్ కలిసి ఒక చిన్న చేతి ప్రెస్ కొన్నారు. అంతకుముందు ప్రింటింగ్ స్కూల్లో చేరతామంటే కుదరదన్నారు, అక్కడ అప్రెంటిస్‌లకే చోటు. దాంతో పదహారు పేజీల మాన్యువల్ ముందు పెట్టుకుని, ఇంట్లో భోజనాల గదిలోనే నేర్చుకున్నారు (మనం యూట్యూబ్ చూసి ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ లాగించినట్టే). లియొనార్డ్‌కి చేతులు వణికేవి. అందుకని ఒక్కో అక్షరం ఏరి పేర్చే పని ఆమెది. మొదటి పుస్తకం 150 కాపీలు. 1922లో మూడో నవల 'జాకబ్స్ రూమ్' సొంత హోగార్త్ ప్రెస్ నుంచే వచ్చింది. ఇక జెరాల్డ్ గుమ్మం తొక్కే అవసరం లేదు. ఇంగ్లండ్‌లో తనకి నచ్చింది రాసుకునే స్వేచ్ఛ ఉన్న ఆడది తనొక్కతే అని తర్వాత డైరీలో గర్వపడింది. ఆ గర్వం వెనక ఏముందో తెలిశాక ఆ మాట నాకు ఇంకోలా వినిపించింది.

జరిగింది చెప్పడానికి మాత్రం ఆమె తొందరపడలేదు. నలభయ్యో పడిలో పడబోతూ, జార్జ్ గురించి నమ్మకమైన స్నేహితుల మధ్య చదివి వినిపించింది. గట్టు సంగతి 1939లో, 57 ఏళ్ళప్పుడు, జ్ఞాపకాల్లో రాసింది. అవి అచ్చయింది 1976లో.

1941 మార్చిలో, యుద్ధం మధ్యలో, జబ్బు మళ్ళీ ముంచేస్తోందన్న భయంతో ఆమె ప్రాణం తీసుకుంది. అంటే చివరికి ఓడిపోయింది కదా అన్నాడు మా ఫ్రెండ్ ఒకడు. వాడికి నేను 1931 జనవరి 2న ఆమె డైరీలో రాసుకున్న లిస్ట్ చూపించాను. అప్పుడు 'ది వేవ్స్' నవల చివరి దశలో ఉంది. రాబోయే మూడు నెలలకే ఆ తీర్మానాలు. అందులో మొదటిది, అసలు ఏ తీర్మానానికీ కట్టుబడకపోవడం. తర్వాత తనతో తను దయగా ఉండటం, పార్టీలకి తనని తాను తరమకపోవడం. నవల బాగా పూర్తిచేయడం. డబ్బు గురించి పట్టించుకోకపోవడం. వంటమనిషి నెల్లీ మీద చిరాకు పడకపోవడం కూడా ఉంది! చదవాలనిపిస్తే చదవడం, లేకపోతే లేదు. ఎవరు పిలిచినా, ఉండాలనిపిస్తే ఇంట్లోనే ఉండటం.

వాడు పూర్తిగా చదివి, దీన్ని గోల్స్ అంటారా అన్నాడు. చివరి మాట బట్టల గురించి. కొత్త బట్టలు వేసుకుని నలుగురున్న గదిలోకి రావాలంటే బెదురు పోలేదని ఎనిమిదేళ్ళ తర్వాత కూడా రాసిన మనిషి ఆమె. ఆ లిస్ట్‌లో మాత్రం, బట్టలు కొంటే మంచివే కొనాలని రాసుకుంది.