మహాత్ముడే.. సంతకంలో మాత్రం రైతు

ముంబయి: కామాఠీపురా అనేది మనోళ్లు పెట్టుకున్న పేరు కాదు. నిజాం ఇలాకా నుంచి ఇళ్లు కట్టడానికి, రోడ్లు వేయడానికి వచ్చిన తెలుగువాళ్లను బొంబాయి జనం కామాఠీలన్నారు. అంటే కూలీలని. మాలీ, మున్నూరు కాపు.. ఏ కులమైనా అందరికీ అదొక్కటే పేరు. జోతిరావు ఫులే ఇంటిపేరు కూడా ఇలా పనిని బట్టి వచ్చిందే. సాతారా వైపు కట్‌గుణ్‌కు చెందిన ఆ కుటుంబం అసలు ఇంటిపేరు గోర్హే. పుణెలో పేష్వాలకు పూలు అందించడంతో ఫులేలయ్యారు.

1827లో పుట్టిన జోతిరావు, 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి తెరిచారు. భార్య సావిత్రీబాయి అందులో పంతులమ్మ. 1852లో సర్కారు శాలువా కప్పి సన్మానించింది. 1876లో పుణె మునిసిపాలిటీలో సభ్యుడయ్యారు. ఇంకొకరైతే ఈ గౌరవాలన్నీ పేరు ముందు తగిలించుకునేవారే!

1882 అక్టోబరులో హంటర్ విద్యా కమిషన్‌కు ఆయన వినతిపత్రం ఇచ్చారు. రైతులు కట్టే శిస్తు డబ్బు పైతరగతుల చదువులకు పోతోందని, పల్లెల్లో ప్రాథమిక బడులు పెట్టాలని అందులో అడిగారు. చివర సంతకం కింద తానెవరో చెప్పుకొన్న తీరు చూడాలి. ముందు వ్యాపారి, తర్వాత రైతు, ఆ తర్వాతే మునిసిపల్ సభ్యుడు. పదవిని దాచుకోలేదు, కానీ ముందు పెట్టలేదు.

మనోళ్ల అండ

ఫులే కాంట్రాక్టులూ చేశారు. ఖడక్‌వాస్లా డ్యామ్ పనుల్లో కూలీల కష్టం, పైవాళ్ల లంచాలు కళ్లారా చూశారు. బొంబాయిలో మన కాంట్రాక్టర్లు ఆయన మాటకు చెవి ఒగ్గారంటే ఆశ్చర్యమేముంది? 1873లో ఆయన పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు ఇక్కడ రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడి లింగు వంటి తెలుగువాళ్లు అండగా నిలిచారు. 1880లో నారాయణ్ మేఘాజీ లోఖండే దీనబంధు పత్రికను బొంబాయి నుంచి మళ్లీ నడపడానికి సాయపడ్డవారిలో అయ్యవారు ఒకరు. ఈ పేర్లు మరాఠీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. మన చాళ్లలో ఎంతమందికి తెలుసు?

విందుకు రైతు వేషం

1888 మార్చిలో పుణెలో హరి రావ్‌జీ చిప్లూణ్‌కర్ విందు ఇచ్చారు. విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కనాట్ అతిథి. అందరూ నగలు, జరీ బట్టల్లో వస్తే ఫులే మాత్రం పేద రైతులా వచ్చారు. ఇక్కడున్నవాళ్లు దేశానికి ప్రతినిధులు కారని, అసలు దేశం పల్లెల్లో ఉందని, అక్కడ చదువు చెప్పించమని మీ అమ్మగారికి చెప్పండని డ్యూక్‌తో అన్నారు.

ఆ తర్వాత రెండు నెలలకు, మే 11న, బొంబాయి మాండ్వీ కోలీవాడాలో సభ పెట్టి మహాత్మా అనే బిరుదు ఇచ్చారు. ఇచ్చింది సర్కారు కాదు, జనం. గాంధీజీ అప్పటికి కుర్రాడు. చదువుకని లండన్ వెళ్లడానికి బొంబాయిలో ఓడ ఎక్కింది ఆ ఏడాదే.

అదే 1888లో ఫులేకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో రాసి పుస్తకం ముగించారు. అది అచ్చయి వచ్చేసరికి ఆయన లేరు. 1890 నవంబరు 28న కన్నుమూశారు. దహనం వద్దని, ఉప్పు వేసి పాతిపెట్టమని ఆయన కోరిక. ఇంటి వెనక గొయ్యి కూడా తవ్వి ఉంచారు. జనం ఉండే చోట కుదరదంటూ, ఆయన సభ్యుడిగా పనిచేసిన మునిసిపాలిటీయే అనుమతి ఇవ్వలేదు.