ఖరగ్‌పూర్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

వరాహగిరి వెంకటగిరిగారి పేరు చెబితే మనలో చాలామందికి రాష్ట్రపతి భవన్ జ్ఞాపకం వస్తుంది. నాకు మాత్రం ముందుగా గుర్తుకొచ్చేది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు గేటు.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న ప్లీడరు. కొడుకు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. సరిగ్గా ఆ ఏడే అక్కడ యజమానులు యూనియన్‌లో చేరిన కూలీలను పనిలోకి రానివ్వకుండా గేట్లు మూసేశారు. లార్కిన్, కానొలీల నాయకత్వంలో ఆ కూలీలు నెలల తరబడి పస్తులుండి పోరాడారు, చివరికి ఓడిపోయారు. లా పుస్తకాల్లో దొరికే పాఠం కాదిది. 1916 తిరుగుబాటు తర్వాత కానొలీని తెల్లదొరలు కాల్చి చంపారు. గిరిగారు కూడా ఆ ఏడే ఐర్లండ్ వదిలి రావలసి వచ్చింది.

బరంపురంలో పెట్టిన ప్రాక్టీసు సహాయ నిరాకరణతో ఆగిపోయింది. తర్వాత ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్యకు వెళ్ళారు. హౌరా నుంచి మన వాల్తేరు దాకా వచ్చే లైను అది. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళూ బోలెడుమంది. 1927లో అక్కడ మొదట సమ్మె జరిగింది. తర్వాత ఉద్యోగాల తొలగింపు మీద తగువు ముదిరి, సెప్టెంబరులో కంపెనీ వర్క్‌షాపుకు తాళం వేసింది. డిసెంబరు దాకా తియ్యలేదు. డబ్లిన్‌లో విద్యార్థిగా చూసినదాన్ని ఇక్కడ యూనియన్ నాయకుడిగా మొయ్యవలసి వచ్చింది. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లోనూ ఆయన ఒకరు.

1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించి మద్రాసులో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్రంలోనూ అదే శాఖ. ప్రభుత్వం మధ్యలో దూరి తీర్పులు చెప్పడం తగ్గాలి, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి అనేది ఆయన పట్టుదల. అలా జరిగితేనే యూనియన్లకు సొంత బలం వస్తుందని ఆయన నమ్మకం. నెహ్రూగారి మంత్రివర్గంలో ఈ మాట పెద్దగా చెల్లలేదు. తీరా 1954లో బ్యాంకు ఉద్యోగులకు అప్పిలేటు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వమే కోసి తగ్గించింది. గిరిగారు రాజీనామా ఇచ్చేశారు. కుర్చీ వదలడం ఎంత కష్టమో మన కాలేజీ యూనియన్‌లో చూస్తూనే ఉన్నాం కదా!

గవర్నరు గిరీలు, ఉపరాష్ట్రపతి పదవి, 1969 నాటి ఎన్నిక అందరికీ తెలిసినవే. నాకు మింగుడుపడనిది 1974. ఆ మే 8న, ఆయన పునాది వేసిన ఆ ఫెడరేషన్ అధ్యక్షుడే ముందుండగా, దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. సుమారు 17 లక్షలమంది పని మానేశారు. వేలమందిని జైళ్ళలో వేశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటికి గెంటారు. 27న సమ్మె విరమించారు. ఆ రోజుల్లో రాష్ట్రపతి గిరిగారే. మంత్రివర్గం సలహా ప్రకారం నడవడం రాష్ట్రపతి విధి, నిజమే. మా లా లెక్చరరుగారూ అదే అంటారు. కానీ బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలిన మనిషి, రైలు కూలీల కోసం ఆ పదవినీ వదలవచ్చు కదా అని నా మనసు అడుగుతూనే ఉంటుంది. వదల్లేదు. ఆగస్టులో పదవీకాలం పూర్తిచేసుకునే దిగారు. 1980 జూన్ 24న కన్నుమూశారు.

ఆ సమ్మె ముగిసిన రెండు నెలలకే, 1974 జులైలో, కేంద్రం జాతీయ కార్మిక సంస్థను పెట్టింది. నోయిడాలో ఉన్న ఆ సంస్థకు 1995లో గిరిగారి పేరే పెట్టారు.