చెన్నపట్టణమున తెలుగు నేర్చిన హాలే పండితుడు: బెంజమిన్ షుల్జ్

మన పాలకోడు ప్రాంతమున మనలను తెలుగువారని పిలుచువారు కొందరు, వడుగులని పిలుచువారు కొందరు. ఉత్తరదిక్కునుండి వచ్చినవారు అను అర్థముతో తమిళ సోదరులు ఈ పేరును తరతరములుగా వాడుచున్నారు. ఆ పేరు విన్నప్పుడు మన పిల్లలలో కొందరు చిన్నబుచ్చుకొనుట నే నెరుగుదును. కాని ఆ పేరే ఒకప్పుడు సముద్రములు దాటి జర్మనీ దేశమునకు పోయి, ఒక పుస్తకపు ముఖపత్రము నెక్కినది. 1750లో హాలే నగరమున అచ్చైన ఆ పుస్తకము చెన్నపట్టణమును గూర్చిన సంభాషణల సంపుటి. మొదట తెలుగున వ్రాయబడి, పిదప ఇంగ్లీషులోనికి మార్చబడినది. దాని ముఖపత్రముపై మన భాషకు వరుగు అను పేరు కనబడును. తమిళుల నోట వెలువడిన వడుగు శబ్దమే జర్మను చెవికి అట్లు వినబడినది. ఆ గ్రంథకర్త బెంజమిన్ షుల్జ్. ఆయన తెలుగు నేర్చినది ఆంధ్రదేశమున గాదు. మనవలెనే తమిళ సీమలో.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గు రాజ్యమునందలి సోనెన్‌బర్గు అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ ఊరు నేడు పోలండు దేశమునకు చెందియున్నది. మతగురువు కాగోరి ఆయన హాలే విశ్వవిద్యాలయమున చేరెను. ఆ కాలమున హాలే అనగా ఫ్రాంకే అను గురువుగారి హాలే. లూథరన్ మతాచార్యుడగు ఫ్రాంకే అనాథ బాలురకొక గొప్ప వసతిగృహమును కట్టించి, దాని చుట్టు పాఠశాలలను, ముద్రణాలయమును, ఔషధశాలను నెలకొల్పెను. మతగురువులు కాదలచిన పేద విద్యార్థులు అచట ఉచితముగ భోజనము చేయుదురు; అందులకు బదులుగ ప్రతిదినము కొన్ని గంటలు పిల్లలకు పాఠములు చెప్పుదురు. ఇది కేవలము అన్నమునకు మూల్యము చెల్లించుట కాదు. పదేండ్ల బాలునకు అర్థమగునట్లు ఒక మాట చెప్పలేనివాడు దేవాలయమున నిలిచి పెద్దలకేమి చెప్పగలడని ఫ్రాంకే అభిప్రాయము కాబోలు! హీబ్రూ, గ్రీకు భాషల పాండిత్య మొకవైపు, చిన్న తరగతి బల్లల నడుమ ఓర్పు మరియొకవైపు. ఈ రెండును కలిసినదే అచటి గురుశిక్షణ. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాకీ పద్ధతిపై ప్రత్యేకాభిమానము కలదని ఒప్పుకొనుచున్నాను.

ఆ హాలేనుండియే డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ కోరికపై సీగన్‌బాల్గు, ప్లూట్‌షౌ అను ఇరువురు యువకులు 1706లో తరంగంబాడికి వచ్చియుండిరి. సీగన్‌బాల్గు ఒక తమిళ ఉపాధ్యాయుని తన యింటనే బడి పెట్టుకొనుమని కోరి, పసిపిల్లల ప్రక్కన కూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్ది తమిళము నేర్చెను. అచ్చుయంత్రమును తెప్పించి తమిళ పుస్తకములు ముద్రించెను. 1716లో దేశీయులైన ఉపాధ్యాయులను, ఉపదేశకులను తీర్చిదిద్దుటకు తరంగంబాడిలో ఒక చిన్న విద్యాలయమును స్థాపించెను. ఓడలలో వచ్చు పరదేశులతోనే సంఘము నడువజాలదని ఆయన మొదటనే గ్రహించెను. అందులకు ఫలితముగ 1733లో, ఉపదేశకుడుగ పనిచేయుచున్న ఆరోను అను తమిళుడు మతగురువుగ అభిషిక్తుడయ్యెను. ప్రొటెస్టెంటు సంఘములలో ఆ పదవి నందిన తొలి భారతీయు డితడే.

షుల్జ్ 1719లో తరంగంబాడి చేరునప్పటికి సీగన్‌బాల్గు గతించి కొన్ని నెలలైనది. మరుసటి సంవత్సరమే మిగిలిన పెద్ద గురువు గ్రుండ్లరు కూడ మరణించెను. భాష యింకను పూర్తిగ పట్టుబడని షుల్జ్ తలపై బడులు, దేవాలయము, అచ్చుకూటము అన్నియు పడెను. బైబిలు పాతనిబంధన తమిళానువాదమును సీగన్‌బాల్గు రూతు గ్రంథమువరకే తెచ్చియుండెను. షుల్జ్ తక్కిన భాగమును చేపట్టి 1728 నాటికి ముగించెను. తమిళ పండితులకు ఆయన శైలి రుచింపలేదు. వేగిరపాటు ఆయన స్వభావములోనే యుండెను. చెవికి వినబడినది వినబడినట్లు వ్రాయుటయే గాని, సానపట్టుట ఆయన యెరుగడు. తరువాతి తరమువాడైన ఫాబ్రీషియస్ ఆ అనువాదమును దాదాపు క్రొత్తగ వ్రాయవలసి వచ్చెను. తమిళ క్రైస్తవులు నేటికిని ఫాబ్రీషియస్ పేరును గౌరవముతో తలతురు. షుల్జ్ పేరును తలచువారు తక్కువ.

స్వభావమును గూర్చి మరియొక మాట చెప్పక తప్పదు. ఆయన కలుపుగోలు మనిషి కాడు. 1725లో జర్మనీనుండి క్రొత్తగ వచ్చిన సహచరులతో ఆయనకు సరిపడలేదు. జీవితచరిత్రలు వ్రాయువారు ఇట్టివి దాచుదురు. కాని ఆ కలహమే లేకున్నచో ఆయన తరంగంబాడిలోనే యుండిపోయెడివాడు. తెలుగు ఆయన జీవితములోనికి వచ్చియుండెడిది కాదు. 1726లో ఆయన చెన్నపట్టణమునకు వెడలిపోయెను.

నాటి చెన్నపట్టణము ఇంగ్లీషు కుంపిణీవారి కోట, దాని వెలుపల దేశీయుల పేట. ఆ పేటలో తమిళముతోపాటు తెలుగు సమానముగ వినబడుచుండెను. వర్తకులలో, దుబాసులలో, నేతపనివారిలో తెలుగువా రెందరో యుండిరి. తమిళమొక్కటే వచ్చిన బోధకుడు సగము పట్టణమునకు మూగవాడే యని షుల్జ్ తెలిసికొనెను. ఆయనకప్పటికి ముప్పదియేడు సంవత్సరములు. ఆ వయసున మరల అక్షరాభ్యాసమునకు కూర్చుండెను. పేటలో పిల్లలకు బడి పెట్టెను. లండనునందలి క్రైస్తవ విజ్ఞాన ప్రచార సంఘమువారు 1728నుండి ఆయన పనిని పోషించిరి. జర్మను బోధకుడు, డేనిషు రాజు పంపినవాడు, ఇంగ్లీషువారి ధనము, తమిళ పట్టణము, తెలుగు పాఠము. ఈ కూడిక ఆ కాలమున చెన్నపట్టణమునందు తప్ప మరియెచట సాధ్యము?

తెలుగు నేర్చుటలోను ఆయన వేగము తగ్గలేదు. 1728లోనే లాటిను భాషలో ఒక తెలుగు వ్యాకరణమును రచించెను. 1726లో ఆ పట్టణమునకు వచ్చినవాడు 1732 నాటికి బైబిలు తెలుగుసేతను ముగించెను. కేరీ వ్యాకరణము 1814లోను, కాంప్‌బెల్ వ్యాకరణము 1816లోను అచ్చులో వచ్చినవి. బ్రౌనుదొరగారు అప్పటికింకను చెన్నపట్టణమున ఉద్యోగమునకు రాలేదు. వీరందరికంటె దాదాపు తొంబది సంవత్సరములకు ముందే షుల్జ్ మన క్రియలను, విభక్తులను లాటిను సూత్రములలో బిగింప యత్నించెను. ఆయనకాధారము గ్రంథములకంటె చెన్నపట్టణపు వీథులలో వినబడిన తెలుగే. తమిళ శైలికి ఆయనను నిందించినట్లు మనము తెలుగు శైలికిని నిందింపవచ్చును. అయినను ఇంటి తెలుగు వేరు, బడి తెలుగు వేరుగ నున్న మన పిల్లలకు ఆయన కష్టము ఇతరులకంటె బాగుగ తెలియును.

ఆ వ్రాతప్రతులకు అచ్చుభాగ్యము లేకపోయెను. తెలుగు అక్షరముల పోత అప్పటికి ఎచటను లేదు. ఆరోగ్యము చెడి 1743లో షుల్జ్ ఐరోపాకు మరలిపోయి హాలేలో స్థిరపడెను. అచట తెలుగు అచ్చక్షరములు చేయించి, 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న పుస్తకములను ముద్రింపించెను. మార్టిన్ లూథరు పిల్లలకొరకు, గృహస్థులకొరకు రచించిన చిన్న ప్రశ్నోత్తరి వానిలో నొకటి. అచ్చైన తెలుగు పుస్తకములలో మొదటివిగ వీనినే లెక్కించుచున్నారు. మన భాష తొలిసారి అచ్చు మొగము చూచినది గోదావరి తీరమున గాదు, కృష్ణా తీరమున గాదు. తెలుగు పలుకువారు లేని ఒక జర్మను పట్టణమున! ఆ 1746లోనే ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. షుల్జ్ స్థానమున నున్న ఫాబ్రీషియస్ తనవారితో పులికాటునకు తరలవలసి వచ్చెను. హాలేలో పుస్తకములు సిద్ధమగుచుండగ, వానిని చదువవలసిన పేట చెదరిపోయినది.

హాలేలో షుల్జ్ చేసిన పనులలో మిక్కిలి ఫలించినది పుస్తకము కాదని నా యభిప్రాయము. 1746లో సోనెన్‌బర్గునుండి ఒక యువకుడు మతవిద్యకై హాలేకు వచ్చెను. స్వస్థలమువాడగుటచే షుల్జ్ అతనిని చేరదీసెను. తమిళ బైబిలును హాలేలో అచ్చువేయవలెనను ఆలోచన యొకటి యుండుటచే, ఆ పనికి సాయపడుటకై అతడు షుల్జ్ వద్ద తమిళము నేర్చుకొనెను. అచ్చు సాగలేదు గాని చదువు నిలిచినది. ఆ యువకుడే క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్. భాష ముందే వచ్చియుండుటచే 1750లో తరంగంబాడి చేరిన ఆ సంవత్సరము ముగియకముందే తమిళమున ఉపన్యసించెను. తిరుచిరాపల్లిలోను తంజావూరులోను పనిచేసి, బాలుడైన శరభోజి మహారాజునకు సంరక్షకుడుగ నుండి, 1798లో తంజావూరున కన్నుమూసెను. రాజులు నమ్మిన ఆ గురువునకు తమిళాక్షరములు దిద్దించినవాడు, సహచరులతో పొసగక తరంగంబాడి విడిచిన ఈ కోపిష్ఠియే. 1760 నవంబరులో షుల్జ్ హాలేలోనే మరణించెను.

తెలుగునాట లూథరన్ సంఘమునకు పునాది పడినది అటుపిమ్మట చాలకాలమునకు. 1842లో హేయరు అను అమెరికా బోధకుడు గుంటూరు చేరి బడులు తెరచెను. తరువాత రాజమహేంద్రవరమునందలి లూథరుగిరిలో గురువుల శిక్షణకు విద్యాలయ మేర్పడెను. 1964లో అచటనే పలు సంఘములు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించినవి. పిదప అది హైదరాబాదునకు తరలినది. చెన్నపట్టణమున కీల్పాకమునందు గురుకుల మను లూథరన్ విద్యాలయము కలదు. షుల్జ్ తెలుగు నేర్చిన పట్టణ మదియే.

ఆయన తెలుగు బైబిలు వ్రాతప్రతిగనే మిగిలిపోయినది. తెలుగు క్రొత్తనిబంధన 1818లో అచ్చైనపుడు అది ఇతరుల అనువాదము. వ్యాకరణము మాత్రము, వ్రాసిన 256 సంవత్సరములకు, 1984లో హాలే నగరముననే అచ్చైనది.