విశ్రాంత ఉపాధ్యాయుల పక్షాన నిలిచిన డాక్టర్ ఎథెల్ పెర్సీ ఆండ్రస్

ప్రత్యేక వ్యాసం
(అక్టోబరు 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం సందర్భంగా)

ఉపాధ్యాయులు పదవీ విరమణ చేసిన తరువాత వారికి లభించే పింఛను ఎంత అనే విషయం తరచుగా చర్చకు వస్తూ ఉంటుంది. ఆ పింఛనుపై బ్రతుకుతున్న వ్యక్తి జబ్బు పడితే వైద్య ఖర్చు ఎవరు భరించాలనే విషయం అంతగా చర్చకు రాదు. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ రెండవ విషయాన్ని ముందుకు తెచ్చి, దానికి ఒక ఆచరణ మార్గాన్ని చూపినవారు డాక్టర్ ఎథెల్ పెర్సీ ఆండ్రస్. ఆమె రాజకీయ నాయకురాలు కారు, ఆర్థికవేత్త కారు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమించిన వ్యక్తి. ఆమె కృషి అంతా ఉద్యోగ విరమణ తరువాత, అరవై ఏళ్ళ వయస్సు దాటిన పిమ్మట జరిగినది.

ఎథెల్ పెర్సీ ఆండ్రస్ 1884 సెప్టెంబరు 21న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. ఆమె బాల్యంలోనే కుటుంబం షికాగో నగరానికి తరలి వెళ్ళింది. 1903లో షికాగో విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రురాలై, అదే నగరంలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో బోధన ప్రారంభించారు. పగలు తరగతులు, సాయంత్రం హల్ హౌస్ వంటి సేవా కేంద్రాలలో వలస కూలీల కుటుంబాలకు సహాయం, ఇదీ ఆ సంవత్సరాలలో ఆమె దినచర్య. జేన్ ఆడమ్స్ స్థాపించిన హల్ హౌస్‌లో పేదల ఇంటి పరిస్థితులను కళ్ళారా చూడడం ఆమె తరువాతి జీవితానికి బాగా అక్కరకు వచ్చిందని చెప్పవచ్చు.

తండ్రి ఆరోగ్యం క్షీణించడంతో 1910లో కుటుంబం తిరిగి కాలిఫోర్నియా చేరింది. కొంతకాలం శాంటా పౌలాలోను, ఆ తరువాత లాస్ ఏంజెలెస్‌లోని మాన్యువల్ ఆర్ట్స్ ఉన్నత పాఠశాలలోను ఆమె బోధించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942లో టోక్యోపై వైమానిక దాడికి నాయకత్వం వహించిన జేమ్స్ డూలిటిల్ ఆ రోజులలో ఈ పాఠశాల విద్యార్థి. 1916లో లాస్ ఏంజెలెస్ తూర్పు ప్రాంతంలోని అబ్రహాం లింకన్ ఉన్నత పాఠశాలకు ఆమె ప్రధానోపాధ్యాయురాలిగా నియమితులయ్యారు. అప్పటికి ఆమె వయస్సు 32 సంవత్సరాలు. కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలైన తొలి మహిళగా ఆమెను పేర్కొంటారు.

ఆ పాఠశాల పరిసరాలు సామాన్యమైనవి కావు. ఇటలీ, మెక్సికో, చైనా, జపాన్, రష్యా తదితర దేశాల నుండి వలస వచ్చినవారి పిల్లలు ఒకే తరగతిలో కూర్చునేవారు. వారి తల్లిదండ్రులలో చాలామందికి ఆంగ్లం రాదు. పిల్లలకు చదువు చెప్పడంతో సరిపెట్టకుండా పెద్దలకు కూడా సాయంకాలపు తరగతులు ఏర్పాటు చేశారు. 28 సంవత్సరాలు ఆ ఒక్క పాఠశాలలోనే కొనసాగుతూ, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి 1928లో ఎం.ఏ., 1930లో డాక్టరేటు పొందారు.

తల్లి అనారోగ్యం కారణంగా 1944లో ఆమె ఉద్యోగ విరమణ చేశారు. నాలుగు దశాబ్దాల సేవకు ఆమెకు మంజూరైన పింఛను నెలకు 61 డాలర్ల 49 సెంట్లు. సొంత వనరులు కొన్ని ఉన్నందున ఆమెకు ఇబ్బంది కలగలేదు. అయితే అంత పెద్ద పాఠశాలను నడిపిన వ్యక్తికే ఈ మొత్తం వస్తే, సామాన్య ఉపాధ్యాయుల సంగతి ఏమిటనే ఆలోచన ఆమెకు కలిగింది. తల్లి కోలుకున్న తరువాత కాలిఫోర్నియా విశ్రాంత ఉపాధ్యాయ సంఘం దక్షిణ విభాగానికి సంక్షేమ బాధ్యురాలిగా పనిచేయడానికి అంగీకరించారు.

ఈ బాధ్యతలో ఉండగా జరిగిన ఒక సంఘటన ఆమె జీవిత చరిత్రలలో తప్పక కనిపిస్తుంది. కష్టాలలో ఉన్న ఒక వృద్ధురాలిని ఒకసారి చూసి రమ్మని ఒక దుకాణదారు ఆమెకు కబురు చేశాడు. చెప్పిన చిరునామాకు వెళ్ళి విచారించగా, ఆ ఇంటివారు మొదట తమకు తెలియదన్నారు. తరువాత, పెరట్లో ఉంటున్న ముసలామె గురించి కాబోలునని దారి చూపారు. పెరట్లో ఉన్నది కోళ్ళ గూడు. అందులో నివసిస్తున్నది ఒకప్పుడు స్పానిష్ భాషా బోధనలో మంచి పేరున్న ఉపాధ్యాయురాలు. ఆర్థిక మాంద్యపు సంవత్సరాలలో దాచుకున్నదంతా పోగా, నెలకు 40 డాలర్ల పింఛనుతో కాలం గడుపుతున్నారు. ఆ సొమ్ము తిండికి సరిపోయేది. కళ్ళజోడుకు గాని, పళ్ళ వైద్యానికి గాని మిగిలేది కాదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ ఉపాధ్యాయురాలికి పింఛను రాకపోలేదు. ప్రతి నెలా వస్తూనే ఉంది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1కి ముందు నియమితులైన ప్రభుత్వ ఉపాధ్యాయులకు 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల క్రింద పింఛనుతో పాటు కరువు భృతి కూడా లభిస్తుంది. ధరలు పెరిగినప్పుడు ఆ భృతి పెరుగుతుంది. ఆనాటి అమెరికాలో ఉపాధ్యాయుల పింఛను ఒకసారి నిర్ణయించిన మొత్తం వద్దనే ఆగిపోయేది. యుద్ధానంతరం 1946లో ధరల నియంత్రణ తొలగడంతో నిత్యావసరాల ధరలు వేగంగా పెరిగాయి. పైగా 1935లో అమలులోకి వచ్చిన జాతీయ సామాజిక భద్రతా చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను మినహాయించినందున ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు దాని పరిధిలోకి రాలేదు. ఏ రాష్ట్రంలో బోధిస్తే ఆ రాష్ట్రపు దయ అన్నట్లుగా ఉండేది.

ఒక్కొక్క రాష్ట్రపు సంఘం విడివిడిగా అర్జీలు పెట్టుకుంటే ప్రయోజనం పరిమితమని గ్రహించి, 1947లో డాక్టర్ ఆండ్రస్ జాతీయ విశ్రాంత ఉపాధ్యాయ సంఘాన్ని స్థాపించారు. దానికి అధ్యక్షురాలిగా జీతం తీసుకోకుండా పనిచేశారు. పింఛన్ల పెంపు, విశ్రాంత ఉపాధ్యాయులకు ఆదాయపు పన్నులో వెసులుబాటు వంటి అంశాలపై సంఘం రాష్ట్ర శాసనసభల వద్ద, జాతీయ కాంగ్రెస్ వద్ద వాదన వినిపించింది. 1954లో ఓహై పట్టణంలో గ్రే గేబుల్స్ పేరిట విశ్రాంత ఉపాధ్యాయులకు ఒక నివాస గృహాన్ని ప్రారంభించి, తాను కూడా అక్కడే ఉంటూ సంఘ కార్యకలాపాలు నడిపారు.

సంఘం ఎదుర్కొన్న అన్నింటిలోకి కఠినమైన సమస్య ఆరోగ్య బీమా. ఉద్యోగంలో ఉన్నంతకాలం చాలామందికి యాజమాన్యం ద్వారా సామూహిక బీమా ఉండేది. విరమణ చేసిన నాటితో అది ముగిసేది. సొంతంగా పాలసీ తీసుకుందామంటే 65 ఏళ్ళు దాటినవారికి కంపెనీలు ఇచ్చేవి కావు. ఇచ్చినా, జబ్బు చేయగానే రద్దు చేసే హక్కు తమ వద్ద ఉంచుకునేవి. అంటే బీమా అవసరం లేని వయస్సులో బీమా ఉండేది, అవసరమైన వయస్సులో పోయేది. డాక్టర్ ఆండ్రస్ నలభైకి పైగా బీమా కంపెనీలను సంప్రదించారు. వృద్ధులకు సామూహిక బీమా ఇస్తే నష్టపోవడం ఖాయమని అవన్నీ నిరాకరించాయి. ఈ నిరాకరణలకు వెనుక సరైన లెక్కలు ఉన్నాయా అంటే, లేవనే చెప్పాలి. అంతవరకు ఎవరూ ఆ వయస్సువారికి పెద్ద సంఖ్యలో బీమా చేసి చూడలేదు గనుక అనుభవ గణాంకాలే లేవు.

ఈ దశలో, 1955లో, న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీ పట్టణానికి చెందిన బీమా ఏజెంటు లియొనార్డ్ డేవిస్‌తో ఆమెకు పరిచయమైంది. ఆయన అప్పటికే అక్కడి విశ్రాంత ఉపాధ్యాయులకు ఒక సామూహిక పథకాన్ని కుదిర్చి ఉన్నారు. దానిని విస్తరించేందుకు కాంటినెంటల్ కాజువాలిటీ అనే కంపెనీని ఒప్పించారు. 1956లో న్యూయార్క్ రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా మొదలైన పథకం త్వరలోనే దేశమంతటా సంఘ సభ్యులకు అందుబాటులోకి వచ్చింది. వైద్య పరీక్ష లేకుండానే సభ్యులను చేర్చుకున్నారు. ఆరోగ్యవంతులు, రోగులు కలసి పెద్ద సంఖ్యలో చేరితే నష్టభయం పంచుకోబడుతుందన్న సామూహిక బీమా సూత్రం వృద్ధుల విషయంలోనూ పనిచేసింది. కంపెనీల అంచనా తప్పని తేలింది.

ఈ వార్త వ్యాపించడంతో ఉపాధ్యాయులు కానివారి నుండి కూడా ఉత్తరాలు రాసాగాయి. గుమాస్తాలు, కార్మికులు, చిన్న వ్యాపారులు, వితంతువులు తమకు కూడా ఈ బీమా వర్తింపజేయాలని కోరారు. ఉపాధ్యాయ సంఘపు నిబంధనల ప్రకారం వారిని చేర్చుకోవడం సాధ్యం కానందున, 1958లో అమెరికా విశ్రాంత ఉద్యోగుల సంఘాన్ని, అనగా నేడు ఎ.ఎ.ఆర్.పి. అనే పేరుతో ప్రసిద్ధమైన సంస్థను ఆమె నెలకొల్పారు. అదే సంవత్సరం ఆ సంఘం పక్షాన మోడరన్ మెచ్యూరిటీ పత్రికను ప్రారంభించి, జీవితాంతం దాని సంపాదకత్వం నిర్వహించారు. 1959లో తపాలా ద్వారా సభ్యులకు తక్కువ ధరకు మందులు పంపే ఏర్పాటు మొదలైంది. నెలవారీ మందులు వాడే వృద్ధులకు ఇది బీమాకు తీసిపోని ఊరట.

1961 జనవరిలో వాషింగ్టన్‌లో వృద్ధాప్య సమస్యలపై జాతీయ సదస్సు జరిగింది. ఆ సందర్భంగా డాక్టర్ ఆండ్రస్ సంస్థలు స్వేచ్ఛా గృహం పేరిట ఒక నమూనా ఇంటిని నిర్మించి ప్రదర్శించాయి. గడపలు, మెట్లు లేకుండా, చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపులతో, కాలు జారని నేలతో, వంగనవసరం లేని ఎత్తులో విద్యుత్ ప్లగ్గులతో దానిని రూపొందించారు. పెద్దవారు ఇంట్లో పడిపోవడం ఎంతటి ఖర్చుకు, ఎంతటి బాధకు దారితీస్తుందో తెలిసిన ఎవరికైనా ఆ ఇంటి విలువ తెలుస్తుంది. 1963లో వాషింగ్టన్‌లోనే వయోజనులు జీవితాంతం చదువుకునేందుకు ఒక విద్యాసంస్థను ప్రారంభించారు.

65 ఏళ్ళు దాటినవారందరికీ ప్రభుత్వమే ఆరోగ్య బీమా కల్పించే మెడికేర్ చట్టంపై 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. ఈ చట్టాన్ని డాక్టర్ ఆండ్రస్ సాధించినట్లుగా కొందరు వ్రాస్తారు. ఇది సరి కాదు. మెడికేర్ కోసం ముందు వరుసలో నిలిచి పోరాడినది కార్మిక సంఘాల అండతో 1961లో ఏర్పడిన జాతీయ వయోవృద్ధుల మండలి. డాక్టర్ ఆండ్రస్ మొగ్గు సభ్యుల స్వచ్ఛంద చందాలతో నడిచే సామూహిక బీమా వైపు ఉండేది. అయితే వృద్ధులకు బీమా చేయడం అసాధ్యమన్న వాదనను ఆమె పథకం దాదాపు పదేళ్ళ ముందే ఆచరణలో ఖండించిందన్నది వాస్తవం. మెడికేర్ వచ్చిన తరువాత సంఘ బీమా, ప్రభుత్వ బీమా చెల్లించని ఖర్చులకు అదనపు రక్షణగా మారింది.

డాక్టర్ ఆండ్రస్ 1967 జూలై 13న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తన 82వ ఏట కన్నుమూశారు. ఆమె అవివాహిత. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1973లో ఆమె పేరిట వృద్ధాప్య అధ్యయన కేంద్రం ఏర్పడింది. 1993లో అమెరికా జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఆమెకు స్థానం లభించింది.

ఆమె నెలకొల్పిన ఏర్పాటులోని ఒక లోపం ఆమె మరణానంతరం బయటపడింది. లియొనార్డ్ డేవిస్ 1963లో స్థాపించిన కలోనియల్ పెన్ సంస్థ ఈ సంఘాల సభ్యులకు బీమా అమ్ముతూ భారీ లాభాలు గడించింది. సంఘం సభ్యుల కోసం పనిచేస్తున్నదా, బీమా సంస్థ కోసం పనిచేస్తున్నదా అనే విమర్శ పత్రికలలో తలెత్తింది. 1978లో ఒక ప్రముఖ టెలివిజన్ కార్యక్రమం దీనిని దేశం దృష్టికి తెచ్చింది. తదనంతరం సంఘం ఆ సంస్థతో సంబంధాలు తెంచుకుంది. సభ్యుల సంక్షేమం కోసం పనిచేసే సంఘం ఒకే వ్యాపార సంస్థపై ఆధారపడితే ఎదురయ్యే చిక్కు ఇది. డాక్టర్ ఆండ్రస్ ఆ చిక్కును ముందుగా ఊహించినట్లు కనిపించదు. జాతీయ విశ్రాంత ఉపాధ్యాయ సంఘం 1982లో ఎ.ఎ.ఆర్.పి.లో ఒక విభాగంగా విలీనమైంది.

ఇక ఉపాధ్యాయుల ప్రత్యేక సమస్య అంతటితో తీరలేదు. 1950వ దశకంలో రాష్ట్రాలు కోరితే తమ ఉద్యోగులను సామాజిక భద్రతలో చేర్చే వీలు కల్పించినప్పటికీ, కాలిఫోర్నియా, టెక్సాస్, ఇల్లినాయ్, ఒహాయో వంటి రాష్ట్రాల ఉపాధ్యాయులలో అధికభాగం బయటనే ఉండిపోయారు. 1986 మార్చి 31 తరువాత ఉద్యోగంలో చేరినవారికి మాత్రమే మెడికేర్ పన్ను తప్పనిసరి చేసినందున, అంతకు ముందు చేరిన ఉపాధ్యాయులు కొందరు ఆసుపత్రి బీమాకు తమ ఉద్యోగం ద్వారా ఉచితంగా అర్హత పొందలేకపోయారు. ఇదిగాక, ఉపాధ్యాయ పింఛను పొందేవారికి భర్త లేదా భార్య తరఫున వచ్చే సామాజిక భద్రతా భృతిని 1977 నాటి నిబంధన, వేరే ఉద్యోగం ద్వారా స్వయంగా సంపాదించుకున్న భృతిని 1983 నాటి నిబంధన తగ్గించాయి. విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాలు నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రెండు నిబంధనలపై అర్జీలు సమర్పిస్తూ వచ్చాయి. 2025 జనవరి 5న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన చట్టంతో ఆ రెండూ రద్దయ్యాయి. 2024 జనవరి నుండి రావలసిన బకాయిలను కూడా చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది.