వట్టిచేతులతో ఆరంభమైన కాపురము

సర్వసమర్పణను గూర్చి ప్రసంగించునప్పుడెల్ల మేము సి.టి. స్టడ్డుగారిని తలంచుకొందుము. 1860లో ఇంగ్లండులో జన్మించిన ఆయన 1882లో ఆస్ట్రేలియాపై ఆడిన క్రికెట్ వీరులు. తండ్రి ఎడ్వర్డుగారు మన దేశమందలి తిర్హుత్ ప్రాంతమున నీలిమందు వ్యాపారముతో ధనవంతులైరి.

1885లో స్టడ్డుగారు మిషనరీగా చైనా వెళ్లిరి. అక్కడ ఉండగానే సుమారు 29,000 పౌండ్ల పిత్రార్జితము ఆయనకు సంక్రమించెను. 1887 జనవరి 13న, ఒక్కొక్కటి 5,000 పౌండ్ల చొప్పున నాలుగు చెక్కులు పంపిరి. ఒకటి అనాథలను పోషించుచున్న జార్జి ముల్లరుగారికి. మరియొకటి ఇండియాలో రక్షణ సైన్యపు పనికి. నీలి రైతుల చెమట సొమ్ము కొంత ఈ విధముగా మన దేశమునకే తిరిగి వచ్చెను.

తక్కినదియు పంచగా 3,400 పౌండ్లు మిగిలెను. 1888లో వివాహమునకు ముందు దానిని వధువు ప్రిస్సిల్లాగారి చేతికిచ్చిరి. ప్రభువు ధనికుడైన యౌవనస్థుని సమస్తమును అమ్ముమనెను గదా యని ఆమె జ్ఞాపకము చేయగా, అదియు ఇచ్చివేసి, వట్టిచేతులతో కాపురము ఆరంభించిరి.

1900 నుండి 1906 వరకు ఉదకమండలములో కాపరిగా నుండిరి. 1913లో కాంగో చేరి, 1931 జూలై 16న అక్కడనే ప్రభువునందు నిద్రించిరి.

కాపరులమైన మేమును అంతయు ఇచ్చితిమని చెప్పి కొంత దాచుకొనువారమే. ఆ చివరి 3,400 పౌండ్లు మన యిండ్లలో ఏ పేరుతో నున్నవో వెదకికొందము.