దేవరకొండ మాదానాయకుడు - జీతగాడు రేచడు

దేవరకొండ కోటను ఎరగని కష్టజీవి మన నల్లగొండ జిల్లాలో అరుదు. ఆ గుట్టల్లో గొర్లు కాసినవాళ్ళను, కట్టెలు ఏరినవాళ్ళను ఈ కోట ఎవరిదని అడిగితే మాదానాయకుడి వంశానిదని చెప్తారు. రాళ్ళు మోసింది ఎవరని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఆ మాదానాయకుని సంగతి, ఆయన వంశం సంగతి ఇక్కడ రాస్తున్నాము.

1323లో ఢిల్లీ సుల్తాను సైన్యాల దెబ్బకు కాకతీయ రాజ్యం కూలిపోయింది. తర్వాత ఆ సైన్యాలను తరిమిన నాయకుల్లో ఒకడైన కాపయనాయకుడు ఓరుగల్లు ఏలాడు. అయితే కోటకొక నాయకుడు లేచి, ఒకరి మీద ఒకరు కత్తి దూసుకున్న కాలమది. మన ప్రాంతంలో రేచర్ల పద్మనాయకుల ఇంటి సింగమనాయకుడు బలపడ్డాడు. ఆయన కొడుకులే అనపోతానాయకుడు, మాదానాయకుడు.

1361 ప్రాంతంలో సింగమనాయకుడు తన బావమరిదిని చెర విడిపించాలని జల్లిపల్లి కోటను ముట్టడించి అక్కడే హతుడయ్యాడు. కొడుకులిద్దరూ తండ్రి పగ తీర్చుకున్నారు. 1368 ప్రాంతంలో కాపయనాయకుడు కూడా అనపోతానాయకునితో జరిగిన పోరులోనే ప్రాణం విడిచాడు. దాంతో ఓరుగల్లు వీళ్ళ చేతికి వచ్చింది.

గెలిచిన రాజ్యాన్ని అన్నదమ్ములు పంచుకున్నారు. అన్న రాచకొండలో కూర్చుంటే, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండ నుంచి కృష్ణ వైపు నేలను ఏలాడు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరున్న ఉమామహేశ్వరం గుట్టకు మెట్లు కట్టించింది ఆయనేనని చెప్తారు. ఆయన తర్వాత కొడుకు వేదగిరి దేవరకొండ ఏలాడు. అన్న కొడుకు సింగభూపాలుడు సంస్కృతంలో రసార్ణవసుధాకరం రాసి పండితుడనిపించుకున్నాడు. రాచకొండ శాఖ కోడలు నాగాంబిక 1429లో నాగసముద్రం చెరువు తవ్వించింది. కట్టించాడు, తవ్వించింది అనే మాటల్లో తట్ట మోసినవాడు, గడ్డపార పట్టినవాడు కనబడరు.

ఇంత గొప్ప ఇంటికి రేచర్ల అనే పేరు ఎట్లా వచ్చింది? వాళ్ళ వంశావళే ఒక కథ చెప్తుంది. మూలపురుషుడు చెవిరెడ్డి ఆమనగల్లులో వ్యవసాయదారుడు. పొలం దున్నుతుంటే నిధి జాడ తెలిసిందట. అక్కడి భూతం నరబలి అడిగిందట. ఆయన జీతగాడు, మాల రేచడు, తన తల ఇస్తానని ముందుకొచ్చాడట. బదులుగా వంశానికి తన పేరు పెట్టాలని, వాళ్ళింట పెళ్ళి జరిగేముందు తనవాళ్ళ ఇంట పెళ్ళి చేయించాలని కోరాడట. దొర ఒప్పుకున్నాడు. నిధి దొరది అయింది, పేరు రేచనిది మిగిలింది.

ఈ కథ జరిగిందని మేము అనడం లేదు. కానీ ఇది కూలివాళ్ళు కల్పించిన నింద కాదు, దొరల ఇంట్లో గొప్పగా చెప్పుకున్న కథ. తమ సంపద పొలంలో పుట్టిందని, దానికింద జీతగాని నెత్తురు ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది. రేచడు ఇష్టంగానే తల ఇచ్చాడంటారు. జీతగాని ఇష్టం ఎంతపాటిదో జీతం చేసినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. దొర ముందు నిలబడి కాదనే వీలు లేనివాడు తల ఊపితే దాన్ని ఇష్టం అనొచ్చునా? పైగా పెళ్ళిలో ముందు వరస ఇచ్చారు గానీ, దొరికిన నిధిలో వాటా ఇచ్చినట్టు మేము విన్న కథలో లేదు. మర్యాద ఇచ్చి ఆస్తి దాచుకోవడం నిన్నమొన్నటి విద్య కాదన్నమాట.

15వ శతాబ్దంలో బహమనీల దెబ్బకు రాచకొండ, ఆ తర్వాత దేవరకొండ చేజారాయి. ఆ వంశపు శాఖలు కోస్తా వైపు పోయి వెంకటగిరి వంటి చోట్ల జమీందార్లయ్యాయి. అక్కడ 1930లలో రైతులు జమీందారీ మీద పోరు సాగించారు. 1948లో మద్రాసు శాసనసభ చట్టంతో ఆ జమీందారీలు రద్దయ్యాయి. ఇక్కడ మన నల్లగొండలో 1946 నుంచి 1951 దాకా వెట్టి మీద, భూమి కోసం జరిగిన సాయుధ పోరాటంలో రేచని వారసులు తల దించి కాదు, ఎత్తి నిలబడ్డారు. ఈసారి తల ఎవరూ అడగలేదు, వాళ్ళే హక్కు అడిగిండ్రు.

ఇకమీద పిల్లలకు దేవరకొండ కోటను చూపించినప్పుడు మాదానాయకుని పేరుతోపాటు రేచని పేరు కూడా చెప్పండి. ఆ ఇంటి పేరు ఎవరిదో వాళ్ళకు తెలియాలి.