సవరబంధువు గిడుగు రామమూర్తి

1875వ సంవత్సరమున విశాఖపట్టణ మండలమందలి చోడవరమున వీర్రాజు అను ఉద్యోగి విషజ్వరముచే మరణించెను. ఆయన పర్వతాలపేటనుండి బదిలీయై వచ్చినవాడు. 1863లో జన్మించిన గిడుగు వేంకటరామమూర్తి ఆయన కుమారుడే. తండ్రిలేని ఆ బాలుడు విశాఖపట్టణమున మేనమామ యింట నుండి చదివి, 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయుడయ్యెను.

ఆ సమీపపు కొండలపై సవరలు నివసింతురు. అప్పటికి వారి భాషకు లిపి లేదు, గ్రంథము లేదు. పాటలును కథలును వృద్ధుల నాలుకలపైననే యుండెను. వారు గతించిన నవియు గతించును. రామమూర్తిగారు సవర నెరిగిన యొకనిని, లోకము అంటరానివాడని దూరముంచినవానిని, తమ యింటనే యుంచుకొని ఆ భాష నేర్చిరి. ఆ దినములలో బ్రాహ్మణగృహమున నిది యెంత సాహసమో నేటి బాలురు ఊహింపజాలరు! పిమ్మట కొండలెక్కి, సవరల నడుమ తిరిగి, పదములను, పాటలను, కథలను వ్రాసికొనిరి. అడవిలో చలిజ్వరము పట్టెను. క్వినైను మితిమీరి సేవించుటచే వినికిడి పోయెను. ఏ పాటలు వినుటకై కొండలెక్కిరో ఆ పాటలే చెవికి దూరమయ్యెను. అయినను వారు పని మానలేదు.

సవరబాలురకు వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు నడపిరి. 1911లో ప్రభుత్వము బహుమానమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరిరి. ఆఫ్రికాఖండమున ఇట్టి కార్యమును క్రైస్తవ మిషనులు పెక్కుమందితో సాగించెను. ఇచట ఒక బడిపంతులు పూనుకొనెను.

వ్యావహారిక భాషావాదమున మావంటి గ్రాంథికాభిమానులకు వారితో పేచీ కలదు గాని, సవరసేవ విషయమున లేదు. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించి, 1940 జనవరి 22న రామమూర్తిగారు దివంగతులైరి.